ఎడారికోటకు నీటిముప్పు



రాజస్థానమునందలి జైసల్మేరు కోటను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. క్రీ. శ. 1156లో రావల్ జైసలుడు థార్ ఎడారిలో త్రికూటమను కొండపై దీనిని నిర్మించెను. పసుపువన్నె ఇసుకరాతి గోడలు ఎండలో బంగారమువలె మెరయుటచే దీనిని సోనార్ కిల్లా యందురు.

ముట్టడులకును, ఎండలకును తాళిన యీ కోటకు నేడు శత్రువు నీరు! వినుటకు వింతయైనను ఇది యథార్థము. పూర్వము స్త్రీలు గడీసర్ చెరువునుండి కడవలతో నీరు మోసి తెచ్చెడివారు. కావున ప్రతి చుక్కను పొదుపుగా వాడిరి. కుళాయిలు వచ్చిన పిదప వాడకము పెరిగెను. మురుగు భూమిలోనికి ఇంకి, కొండలోని మట్టిపొరలను నానజేసెను. బురుజులు క్రుంగినవి. రాణీమహలులో కొంతభాగము కూలగా, దానిని మరల బాగుచేసిరి.

1996లో ప్రపంచ స్మారకనిధి సంస్థ దీనిని ఆపదలోనున్న కట్టడముల పట్టికలో చేర్చినది. 2013లో యునెస్కో రాజస్థాన గిరిదుర్గములలో నొకటిగా ప్రపంచ వారసత్వ గౌరవ మొసగినది. గౌరవము లభించినంతమాత్రమున గోడ నిలువదు గదా!

వేలాదిమంది నేటికిని కోటలోనే కాపురమున్నారు. వారిని వెడలగొట్టిన రాళ్లు మిగులును గాని కోట ప్రాణము మిగులదు. వారినుంచుకొనియే మురుగునీటిని కొండదిగువకు చేర్చవలయును. అదియే అసలైన సంరక్షణ. అది లేనిదే పైచెక్కడములకు చేయు మరమ్మతు వ్యర్థము.

మహలు గవాక్షములను మెచ్చుకొను మనము, దాని మురుగుకాలువను గూర్చియు విచారింతుము గాక!