బాడుగ తేదీ వేరు, గడువు తేదీ వేరు

ఇంటి బాడుగకు రెండు తేదీలుంటాయి. ఒకటి బాడుగ కట్టవలసిన రోజు. రెండోది, ఆలస్యమైనా ఇంటి యజమాని ఊరుకునే చివరి రోజు. మేడ మీద రెండు పోర్షన్లు వేసి మొదటిసారి టులెట్ బోర్డు తగిలించినవారు తరచు ఈ రెంటినీ కలిపేస్తారు. ‘పదో తేదీ లోపల ఇచ్చేస్తే చాలు’ అని నోటిమాటగా అనేస్తారు. ఆ మాటతో బాడుగకు దిగినవారి లెక్కలో పదో తేదీయే అసలు తేదీ అయిపోతుంది. గడువు అక్కణ్ణించి మొదలై ఇరవైకి పాకుతుంది. అగ్రిమెంటులో ఒకే వాక్యం ఈ చిక్కు తీరుస్తుంది: బాడుగ 1వ తేదీకి బాకీ పడుతుంది, 8వ తేదీ దాకా జరిమానా ఉండదు.

8 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం వెయ్యిమంది లోపు పనివారున్న సంస్థకు 7వ తేదీ వరకు, అంతకు పైబడితే 10వ తేదీ వరకు జీతమివ్వడానికి గడువు పెట్టింది. 2019 వేతనాల కోడ్ నెలజీతాలకు 7 రోజులే ఖాయం చేసింది. రేణిగుంటలోనో శ్రీసిటీలోనో ఫ్యాక్టరీకి వెళ్ళే కుర్రవాడికి జీతం 7న పడేటప్పుడు 5వ తేదీకే తలుపు తడితే దొరికేది తగాదా తప్ప బాడుగ కాదు. యూనివర్సిటీ దగ్గర నలుగురు విద్యార్థులు ఒకే గది తీసుకుంటే ఇబ్బంది ఇంకో రకం. ముగ్గురు ఇస్తారు, నాలుగోవాడి డబ్బు ఊరి నుంచి రావాలి. వాళ్ళ నాన్న తోతాపురి తోట రైతయితే, కాయ పల్ప్ ఫ్యాక్టరీకి తోలాక కూడా డబ్బు చేతికి రావడం ఆ ఇంటివారి చేతిలో ఉండదు. నలుగురూ ఉమ్మడిగా, విడివిడిగా మొత్తం బాడుగకు బాధ్యులని ముందే రాయించుకోవడం మేలు.

గడువు ఇవ్వడం ఓనరు దయ ఒక్కటే కాదు, చట్టంలోనూ ఉన్న సంగతే. చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండగా ఇక్కడ 1949 మద్రాసు అద్దె నియంత్రణ చట్టం నడిచింది. దాన్నీ హైదరాబాదు చట్టాన్నీ ఏకం చేసి 1960లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకుంది. ఆ చట్టం ప్రకారం అగ్రిమెంటులో రాసుకున్న తేదీ దాటాక 15 రోజుల లోపల కట్టకపోతేనే ఎగవేతగా లెక్క. తేదీయే రాసుకోకపోతే తర్వాతి నెలాఖరు దాకా ఆగాలి, అంటే జనవరి బాడుగకు ఫిబ్రవరి చివరిరోజు. తేదీ రాయని ఓనరు తనకు తానే నెలరోజుల గడువు విధించుకున్నట్టు! కావాలని ఎగ్గొట్టలేదని తోస్తే రెంట్ కంట్రోలరు మరో 15 రోజుల వరకు ఇవ్వవచ్చు. అయితే 2005 సవరణ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన బాడుగలను ఈ చట్టం నుంచి తప్పించింది. 2017లో రాష్ట్రం మరో అద్దె చట్టం చేసింది. కనుక నోటీసు రాసేముందు ఏ చట్టం కిందికి వస్తుందో వకీలు దగ్గర తేల్చుకోవాలి.

అద్దె చట్టం వర్తించని ఇళ్ళకు 1882 ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే నెలవారీ బాడుగను రద్దు చేయడానికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. బాడుగ ఎగ్గొట్టాడని ఖాళీ చేయించమంటూ దావా వేసినా, విచారణ నాడు బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే 114వ సెక్షన్ కింద కోర్టు అతన్ని ఇంట్లోనే ఉండనివ్వవచ్చు.

కొత్త ఓనర్లు ఎక్కువగా దెబ్బతినేది రసీదు దగ్గర. బాడుగ 8,000. మే నెలది రాలేదు. జూన్ 20న ఫోన్‌పేలో 8,000 పడింది, కింద ‘రెంట్’ అని ఒక్క మాట. అది మేదా, జూన్‌దా? కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏ బాకీకో చెప్పే హక్కు మొదట కట్టినవాడిది. అతను చెప్పకపోతే పుచ్చుకున్నవాడిది. ఇద్దరూ ఊరుకుంటే పాత బాకీకే జమ. అందుకే డబ్బు పడిన రోజే ‘మే బాడుగ ముట్టింది, జూన్ బాడుగ 8,000 బాకీ’ అని ఒక మెసేజ్ పంపాలి. నోటీసు ఇచ్చాక ఆ గడువు దాటిన రోజులకు బాడుగ పుచ్చుకుంటే నోటీసును వదులుకున్నట్టు అవతలివారు వాదించగలరు. పుచ్చుకోక తప్పకపోతే నోటీసు హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నట్టు రసీదులో ఉండాలి.

జరిమానా విషయంలో కొందరు రోజుకు 500 అని రాయించుకుంటారు. రాసుకున్నంత మాత్రాన అంతా రాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఆ అంకెను గరిష్ఠ పరిమితిగా మాత్రమే చూస్తుంది, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం. బాకీ మీద ఓ మోస్తరు వడ్డీ అయితే అడగడానికీ బాగుంటుంది, నిలబడుతుంది. మాటిమాటికీ జరిమానా మాఫీ చేయడం కంటే అసలు పెట్టకపోవడమే నయం.

బాకీని అడ్వాన్సులోంచి కోసుకోమని బాడుగకున్నవారు చెప్పడం వేరొక అలవాటు. ఒప్పుకుంటే ఖాళీ చేసేనాటికి చేతిలో ఏమీ మిగలదు. కరెంటు బిల్లు, సున్నం ఖర్చు, విరిగిన కుళాయి అన్నీ ఓనరు నెత్తినే పడతాయి. దీనికి విరుగుడుగా ఫ్యూజు పీకడం, మోటారు ఆపడం, ఇంటికి తాళం వేయడం మాత్రం పనికిరాదు. 1960 చట్టమే సౌకర్యాలు తెగ్గొట్టడాన్ని నిషేధించింది. ఈ పని చేసినవాడు న్యాయం తన వైపున్నా తప్పు తనమీదికి తెచ్చుకుంటాడు.

మనిషి ఖాళీ చేసి వెళ్ళిపోయినా బాకీ పోదు. బాడుగ బకాయికి దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం 3 ఏళ్ళిచ్చింది. ఏ నెల బాకీకి ఆ నెల నుంచే లెక్క, ఇంట్లోంచి వెళ్ళిన రోజు నుంచి కాదు.