కారు కెమెరా – కాలసాక్ష్యము



పండుగలకు పట్టణమునుండి మీ పిల్లలు కారులో ఊరికి వచ్చినపుడు, ముందరి అద్దమునకు లోపలివైపున నల్లని చిన్నపెట్టె యొకటి అంటించియుండుట మీరు చూచియుందురు. దానిని డ్యాష్ కెమెరా యందురు. బండి కదలినది మొదలు ఆగువరకు ఎదుటి దారిని చిత్రించుటయే దాని పని. చిత్రము అడుగున తేదీ, గంట, నిమిషము, సెకను అచ్చువేసినట్లు కానవచ్చును. మనము సంకల్పము చెప్పునపుడు దేశకాలములను పేర్కొనక కర్మ నారంభింపము గదా. ఈ పెట్టెయు అట్లే ప్రతిక్షణమును దేశకాలములు చెప్పుకొనుచుండును. అది చెప్పు కాలము తప్పైనచో ఏమగునో నేడు మనవి చేసెదను.

ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు పాఠములు చెప్పి విరమించిన వానికి ఈ యంత్రములతో నేమి పని యని మీరడుగవచ్చును. ఆ పని నాకు కోరకయే తటస్థించినది.

నేను హైదరాబాదు తూర్పుభాగమున, గడ్డిఅన్నారమున, మా పెద్దకుమారుని యింట నుందును. ఈ పేరు వినగానే పూర్వము అందరికిని పండ్ల మార్కెట్టు జ్ఞప్తికి వచ్చెడిది. ఆ మార్కెట్టు 2021లో బాటసింగారమునకు తరలింపబడినది. విజయవాడ మార్గము మీద 2018 నుండి మెట్రో రైలు నడచుచున్నది. అయినను క్రింది దారిలో రద్దీ తగ్గినదని చెప్పజాలను.

ఒకనాటి రాత్రి మావాడును నేనును పెట్రోలు పోయించుకొని యింటికి వచ్చుచుండగా, ఎదురుదారిన, అనగా రాకూడని వైపున, ఒక పడుచువాడు మోటారుసైకిలుపై వచ్చి మా కారును తాకి పడెను. పాపము, కాలు విరిగినది. నలుగురు మూగిరి. పెద్దబండిదే తప్పనుట లోకరీతి. మావాడు ఫోనుచేసి ఆంబులెన్సును పిలిచెను. "ముప్పదికి మించి పోలేదు, నాన్నగారూ" అని వాడనగా, నేనును అందరి యెదుట అదే మాట పలికితిని. నిజమునకు నేను వేగము చూపు ముల్లును చూడనేలేదు.

మరునాడు రెండువైపుల పెద్దలమును కూర్చుంటిమి. మావాడు కెమెరాలోని చిత్రమును చూపెను. ఆ పిల్లవాని మేనమామ వివేకి. ఆయన కన్నార్పక చూచి, "పంతులుగారూ, దీనియందు మధ్యాహ్నము 2-10 అని యున్నది. మావాడు పడినది రాత్రి 7-40కి. ఇది ఏనాటి చిత్రము?" అని యడిగెను. మావాని ముఖము పాలిపోయెను. చిత్రములో వీథిదీపములు వెలుగుచున్నవి, కావున అది మధ్యాహ్నము కాదని నేనంటిని. "రాత్రియే యనుకొందము. ఏ రాత్రి?" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనది. నాకు కోపము రాలేదు, భయము వచ్చినది.

అప్పుడు రెండింటికిని గల అంతరము లెక్కించితిని. ఐదుగంటల ముప్పది నిమిషములు. అనగా పదుమూడు గడియల నలువదియైదు విగడియలు. పంచాంగగణితము కొంత అభ్యసించిన వానికి ఇది పాతచుట్టము. గ్రీనిచ్ కాలమునకును మన దేశకాలమునకును గల భేదమే యది. ఇది యాదృచ్ఛికము కాజాలదని తోచినది.

ఇచట కొంచెము విస్తరించి చెప్పవలెను. పూర్వము ఏ ఊరి మధ్యాహ్నము ఆ ఊరిదే. అడుగున రంధ్రము గల రాగిగిన్నె నీటిలో మునిగినచో గడియ యనుకొనిరి. ఒకచోట గణించిన పంచాంగమును మరియొక చోట వాడుకొనుటకు దేశాంతర సంస్కారము చేసికొనిరి. రైళ్లు వచ్చిన పిదప ఊరికొక కాలము పనికిరాక, 1906 జనవరి 1 నుండి దేశమంతటికిని ఒకే కాలము ఏర్పడెను. దానికి ప్రమాణము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. ఆ రేఖ మన కాకినాడ సమీపముననే పోవుచున్నది. హైదరాబాదున సూర్యుడు నడినెత్తికి వచ్చుట అక్కడికంటె సుమారు పదునారు నిమిషములు ఆలస్యము. అయినను గడియారము ఒక్కటే.

ఈ పెట్టెలలో కొన్నిటికి జీపీఎస్ అను ఏర్పాటు కలదు. ఆకాశమున తిరుగు ఉపగ్రహములలోని అతిసూక్ష్మమైన గడియారములనుండి అది కాలమును గ్రహించును. కాని ఆ వచ్చు కాలము గ్రీనిచ్ లెక్కకు చెందినది. దానికి ఐదున్నర గంటలు కూడవలెనని మనమే సెట్టింగులలో, టైమ్ జోన్ అను చోట, చెప్పవలెను. మావాడు కొన్ననాడు అది సున్న యొద్దనే విడిచివేసెను. కెమెరా అబద్ధమాడలేదు. దేశాంతర సంస్కారము చేయని పంచాంగమువలె నుండెను, అంతే.

ఇట్లని చెప్పినంత మాత్రమున ఎదుటివారేల నమ్మవలెను? అందుచే రెండు ఆనవాళ్లు వెదకితిమి. పెట్రోలుబంకు రసీదు మీద 7-31 అని యున్నది. ఆ బంకునుండి కారు కదలిన చిత్రముపై 2-01 అని యున్నది. మావాడు ఆంబులెన్సునకు ఫోనుచేసిన మాటలు చిత్రములో వినబడినవి. అక్కడ 2-12, ఫోను పట్టికలో 7-42. రెండుచోట్లను అంతరము ఐదున్నర గంటలే. తేదీయు కలిసినది. మేనమామ తలయూచి, "ఇప్పుడు నమ్మితిని" అనెను.

నమ్మిన పిదప అందరమును చిత్రమును మొదటినుండి చూచితిమి. పిల్లవాడు ఎదురుదారిన వచ్చుట స్పష్టము. కాని మూలను మా కారు వేగమును కనబడెను: 41. ముప్పది కాదు. ఉపగ్రహముల వలన తెలియు వేగము ఒకటి రెండు సెకన్లు వెనుకబడుట కలదు. కాని తాకుటకు ముందు చాలసేపు 41 వద్దనే నిలిచియుండెను. ఎవరు నన్నేమియు అనలేదు. ఆసుపత్రి వ్యయములో మేమును పాలు పంచుకొంటిమి. ఠాణాలో నకలు ఇచ్చునపుడు మావాడు తన వేగము తానే వ్రాసి యిచ్చెను.

ఆ పిమ్మట నేను ఈ పెట్టెను గూర్చి తెలిసినవారినెల్ల అడిగితిని.

జీపీఎస్ లేని కెమెరాలే మన బండ్లలో హెచ్చు. వాటిలో చేతిగడియారమునందు వలెనే స్ఫటికము కంపించుచు కాలమును లెక్కించును. ఏబదివేలలో ఒక వంతు తేడా వచ్చినను దినమునకు ఒకటిన్నర సెకనుకు పైగా, నెలకు ముప్పాతిక నిమిషమునకు పైగా తప్పును. ఎండవేడిమికి ఆ తేడా ఇంకను పెరుగును. సంవత్సరము చూడక విడిచినచో పదినిమిషములు దారితప్పుట వింతగాదు. లోపలి చిన్నఘటము నశించినచో బండి ఆపినప్పుడెల్ల కాలము తుడిచిపెట్టుకొనిపోయి, యంత్రము తన తొలినాటి తేదీనే చూపును. తేదీ వ్రాయు క్రమమును చూడవలెను. అమెరికా పద్ధతిలో నెల ముందు, దినము వెనుక. 04-06 అనునది మనకు జూను 4, వారికి ఏప్రిల్ 6.

ఏప్రిల్ 6 అనగా ఒక విచిత్రము జ్ఞప్తికి వచ్చినది. జీపీఎస్ ఉపగ్రహములు దినములను వారముల సంఖ్యతో తెలుపును. ఆ సంఖ్య 1023 వరకు పోయి మరల సున్నకు వచ్చును. మన ప్రభవాది షష్టివర్షముల వంటిదే. వికారి యని మాత్రము చెప్పినచో ఏ ఆవృత్తిలోని వికారియో వినువానికి తెలిసియుండవలెను. 2019 ఏప్రిల్ 6 గ్రీనిచ్ రాత్రి, మన గడియారమున మరునాటి ఉదయము ఐదున్నరకు, ఆ చక్రము తిరిగినది. ఆ 6వ తేదీయే మనకు వికారినామ సంవత్సరాది! సరిచేయని పాతయంత్రములు ఈ మలుపు తెలియక, తేదీని 1024 వారములు, అనగా పందొమ్మిదేండ్లకు పైగా, వెనుకకు త్రిప్పును.

చిత్రము నిలుచునది మెమరీ కార్డునందు. అది నిండగానే పాతవి చెరిపి వానిపై క్రొత్తవి వ్రాయును. కావున ప్రమాదము జరిగిన వెంటనే కార్డును తీసి దాచవలెను. రెండుదినములు తిరిగి చూతమన్న అచట నేమియు నుండదు. తాకిడి తగిలినపుడు ఆ ముక్కను చెరుపక దాచు ఏర్పాటును కలదు. కాని దానిని అతిసున్నితముగ పెట్టినచో మా వీథిలోని ప్రతి గుంతయు దానికి ప్రమాదమే. కార్డంతయు గుంతలతో నిండి, అసలు ప్రమాదమునకు చోటుండదు. మాటిమాటికి వ్రాయుటకై చేసిన గట్టికార్డునే కొనవలెను. వేసవిని ఎండలో నిలిపిన కారులోపల వేడి అరువది డిగ్రీలు దాటుట కలదు. లోపల లిథియం బ్యాటరీ యున్న పెట్టెలు ఉబ్బి చెడుట అందువలననే. కెపాసిటరు గలవి మేలు. రాత్రి దీపములు చిత్రములో మిణుకుమిణుకు మనకుండుటకు 50 హెర్ట్జ్ అని పెట్టవలెను. మన విద్యుత్తు లెక్క అది.

న్యాయస్థానము మాటయు తెలిసియుండుట మంచిది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున 63వ సెక్షను ఇట్టి చిత్రములను గూర్చినది. దానితోడి ధ్రువపత్రమున, ఫైలునుండి గణించిన హ్యాష్ అను సంఖ్యను వ్రాయవలెను. చిత్రములో నొక్క చుక్క మారినను ఆ సంఖ్య మారిపోవును. కావున మూలమును కత్తిరింపరాదు, గడియారము తప్పినదని దానిపై దిద్దరాదు. తప్పును తప్పుగనే యుంచి, ఎంత తప్పినదో వేరుగ నిరూపించుకొనవలెను. వాట్సాప్‌లో పంపిన నకలు కుదించుకొనిపోవును. దానిని నమ్ముకొని కార్డును చెరిపివేయరాదు.

ఇప్పుడు మా యింట ప్రతినెల ఒకటవ తేదీన మా మనుమరాలు కారులో కూర్చుండి, ఫోనులోని గంటను కెమెరాకు చూపి, తేదీయు వేళయు పైకి చదువును. తిథివారములు కూడ చేర్చుమని నేనంటిని. అవి కెమెరాకు అక్కరలేదు, తాతయ్యా, అని నవ్వినది గాని, చేర్చుచున్నది.