గురువు మౌనం ధర్మానికి హాని

(బాన్సువాడలో జరిగిన ఆధ్యాత్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇటువంటి వేదికలపై సాధారణంగా భగవన్మహిమను కీర్తించి, దాతలను ఆశీర్వదించి, ప్రసాదం స్వీకరించి దిగిపోతాం. అది చేయదగిన పనే. అయితే ఈనాడు కొంచెం కష్టమైన ప్రశ్న ఒకటి మీ ముందు ఉంచదలచాను. మనవారే తప్పు చేస్తున్నప్పుడు పీఠం మీద కూర్చున్నవాడు ఏమి చేయాలి? నలుగురిలో పరువు పోతుందని ఊరుకోవాలా? మనవారి ముఖాన నిలిచి చెప్పాలా?

మహాభారతంలోని ద్యూతసభను స్మరించండి. ద్రౌపదీదేవిని సభకు ఈడ్చుకొని వచ్చిన వేళ అక్కడ ధర్మం తెలిసిన పెద్దలకు కొదువ లేదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. ద్రోణుడు మిన్నకున్నాడు. విదురుడు మాత్రం అది అధర్మమని ఎలుగెత్తి చెప్పాడు. ఆయన కౌరవులకు శత్రువు కాడు. ఆ ఇంటివాడే, ఆ ఇంటి అన్నం తిన్నవాడే. ఆ వంశం నిలవాలన్న కోరికతోనే ఆ మాట అన్నాడు. తరువాత ఒకనాడు ధృతరాష్ట్రుడు ఆయనను పొమ్మన్నాడు. ఆయన లేక ఉండలేక తానే మళ్లీ పిలిపించుకున్నాడు. హితం చెప్పేవానికి దక్కే సత్కారం మొదట ఇలాగే ఉంటుంది.

మన వైష్ణవ సంప్రదాయంలో తిరుప్పాణాళ్వారుల చరిత్ర మీకు తెలిసినదే. పాణర్ కులంలో పెరిగిన ఆ మహాభక్తుడు శ్రీరంగం ఆలయంలో అడుగుపెట్టడానికి నోచుకోక, కావేరీ తీరాన నిలిచి స్వామిని గానం చేసేవాడు. తీర్థానికి వచ్చిన లోకసారంగముని అడ్డు తొలగలేదని ఆయనపై రాయి విసిరాడు. ఆ భక్తుని భుజాలపై మోసుకొని రమ్మని స్వామి ఆ మునినే ఆజ్ఞాపించాడు. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. అర్చకుని అపచారాన్ని మన పెద్దలు దాచలేదు. తరతరాలుగా గుడిలోనే చెప్పుకుంటూ వచ్చారు. తన తప్పును తానే చెప్పుకోగలగడం ఈ సంప్రదాయానికి అవమానం కాదు, అలంకారం.

ఆ కథ కథగానే మిగిలిపోలేదు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోనికి చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుని తన భుజాలపై మోసుకొని ప్రవేశించారు. మునివాహన సేవ అని దానికి పేరు పెట్టారు. ఒక అర్చకుడు తోటి అర్చకులకు, భక్తకోటికి ఆ విధంగా కర్తవ్యాన్ని గుర్తుచేశారు.

మన తెలుగునేలపై ఈ బాధ్యతను జీవితాంతం మోసినవారు శ్రీ మలయాళస్వాములవారు. కేరళలో 1885లో జన్మించి, దేశాటనం చేసి, తిరుమల గోగర్భంలో ఏళ్ల తరబడి తపస్సు చేసి, 1926లో ఏర్పేడు వద్ద వ్యాసాశ్రమాన్ని స్థాపించారు. నాలుకపై వేదాంతం, నడతలో శూన్యం ఉన్నవారిని ఉద్దేశించి ఆయన రచించిన గ్రంథం పేరే ‘శుష్కవేదాంత తమోభాస్కరము’. బ్రహ్మవిద్యకు, ఓంకారానికి స్త్రీలు, అన్ని కులాలవారూ అర్హులేనని బోధించారు. పండితుల ఆక్షేపణలు వచ్చాయి. శాస్త్రంతోనే సమాధానం చెప్పారు. అంతటితో ఆగక, ఆశ్రమంలో కులభేదం లేకుండా సంస్కృత విద్య నేర్పించారు. బాలికలకూ చదువు చెప్పించారు. ఆయన విమర్శలో ఒక చేయి తప్పును చూపితే, రెండవ చేయి తలుపు తెరిచింది.

ఇక మన గడప దగ్గరకు వద్దాం. నేటి కామారెడ్డి జిల్లా నిన్నటి వరకు నిజామాబాదు జిల్లాలోనిదే. ఈ జిల్లా గ్రామాలలో జోగిని ఆచారం ఎంత గాఢంగా వేళ్లూనిందో పెద్దలెరుగుదురు. పేద దళిత కుటుంబాల ఆడపిల్లలను ఊహ తెలియని వయసులోనే గ్రామదేవతకు ఇచ్చి పెళ్లి చేశామన్నారు. ఆ తరువాత ఆమె ఊరి మగవారి పాలైంది. ఆమె బిడ్డ బడిలో తండ్రి పేరు చెప్పలేక తల దించుకున్నాడు. ఇదంతా అమ్మవారి పేరిట జరిగింది. బిడ్డను బలి కోరే తల్లి ఎక్కడైనా ఉంటుందా?

1980లలో ఈ పక్కనే ఉన్న వర్నిలో ‘చెల్లి నిలయం’ నెలకొల్పి, జోగినుల చేయి పట్టుకొని నిలబెట్టినవారు హేమలతా లవణం గారు. ఆమె మహాకవి జాషువా కుమార్తె. నాస్తికోద్యమ నాయకులు గోరా గారి కోడలు. 1988లో ఈ ఆచారాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ తల్లికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అయితే నమస్కరిస్తున్నప్పుడు నా మనస్సు సిగ్గుతో కుంగిపోతుంది. దేవుని పేరిట జరిగిన అపచారాన్ని కడగడానికి దేవుని ఒప్పుకోని ఇంటి కోడలు రావలసి వచ్చింది. దేవుని నమ్మిన మనం ఎక్కడ ఉన్నాం?

నేనెక్కడ ఉన్నానో చెబుతాను. యౌవనంలో ఈ ప్రాంతపు ఊళ్లలో ప్రవచనాలు చెప్పేవాడిని. ఒక ఊరిలో జాతర నాడు మెడలో కొత్త తాళితో ఒక చిన్నపిల్ల నా ముందునుండే వెళ్లింది. పదేళ్లు కూడా నిండి ఉండవు. సంగతి నాకు అర్థమైంది. ఆ సాయంత్రం ప్రహ్లాద చరిత్ర చెప్పాను. హిరణ్యకశిపుడు పసివాణ్ణి ఎంత హింసించాడో కన్నీళ్లు పెట్టించేటట్లు చెప్పాను. ఆ పిల్ల మాట మాత్రం ఎత్తలేదు. సంభావన ఇచ్చిన పెద్దలు ఎదుట కూర్చున్నారు. ఆనాడు నేను భీష్ముడినయ్యాను. నాటి శాలువా ఇంకా నా ఇంట్లో ఉంది. దానిని కప్పుకోవడానికి నాకు చేతులు రావు.

కనుక మీకు నా విన్నపం. మనవారిని నిందించడం వేరు, దిద్దడం వేరు. నింద దూరాన నిలిచి రాయి వేస్తుంది. దిద్దుబాటు దగ్గరకు వచ్చి భుజం ఇస్తుంది. దిద్దేవాడు ముందు తన తప్పు చెప్పుకోవాలి. బలహీనుని వద్ద కాక, బలవంతుని ఎదుట మాట్లాడాలి. చెప్పినందుకు వచ్చే నష్టాన్ని తానే భరించాలి.

దాతలారా! మీ ఊరి గుడికి మీరు విరాళమిచ్చిన నాడు శిలాఫలకం మీద పేరుకంటే ముందు కొన్ని సంగతులు విచారించండి. ఈ గడప దాటడానికి సంకోచించేవారు మా ఊరిలో ఇంకా ఉన్నారా? అన్నదానపు పంక్తి అందరికీ ఒక్కటేనా? జాతర పేరిట ఏ ఆడబిడ్డకైనా అన్యాయం జరుగుతున్నదా? ఈ ప్రశ్నలు వేసిన ప్రవచనకర్తను మరుసటి ఏడాది కూడా పిలవండి. పొగిడినవానికి కప్పే శాలువా హితం చెప్పినవానికీ కప్పండి.

నాకు తెలిసిన తప్పును ఇకపై ఏ వేదిక మీదా దాచనని మీ సమక్షంలో, స్వామి సన్నిధిలో మాట ఇస్తున్నాను. నేను తప్పితే మీరు నన్ను నిలదీయండి.

స్వస్తి.