అమెరికా పింఛనులో మన ఆడవాళ్ల వాటా

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



భరణం గురించీ, ఆస్తి హక్కు గురించీ, గృహహింస చట్టం గురించీ మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ నేను ఎత్తుకున్న విషయం మన సమావేశాల్లో దాదాపు వినిపించదు. అమెరికాలో ఉద్యోగం చేసిన వ్యక్తికి ముసలితనంలోనూ, అతను చనిపోతే అతని కుటుంబానికీ అక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను సంగతి ఇది. 'అది అమెరికాలో ఉండేవాళ్ల గొడవ, మనకెందుకు?' అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఆ పింఛనుకు అర్హులైన స్త్రీలు గుంటూరులోనూ, కరీంనగర్‌లోనూ, భీమవరంలోనూ ఉన్నారు. భర్త పోయాక పిల్లల్ని తీసుకుని తిరిగొచ్చినవాళ్లు, విడాకుల కాగితం చేతికిచ్చి పంపించేసినవాళ్లు, రిటైరై వచ్చి సొంతూళ్లో స్థిరపడినవాళ్లు. ఇక్కడినుంచే ఆ పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకు కాగితాలు చేతిలో ఉండవు.

ముందు ఈ చట్టం పనిని ఎలా లెక్కగడుతుందో చూద్దాం. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చింది. నెలనెలా ఇచ్చే పింఛనును మొట్టమొదట 1940 జనవరిలో అందుకున్నది ఒక స్త్రీయే. ఐడా మే ఫుల్లర్ అనే ఆమెకు ఇరవై రెండు డాలర్ల యాభై నాలుగు సెంట్లు వచ్చింది. ఆమె సొంతంగా ఉద్యోగం చేసి చందా కట్టింది కనుక ఇచ్చారు. అదే చట్టం పొలం కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవాళ్లనూ మొదట్లో బయటే ఉంచింది. ఇళ్లలో పనిచేసేవాళ్లకు 1950 సవరణలతో గానీ తలుపు తెరుచుకోలేదు. ఇక సొంత ఇంట్లో చేసే చాకిరీ ఈ రోజుకీ ఆ లెక్కలోకి రాదు. పిల్లల్ని పెంచిన సంవత్సరాలకు ఒక్క క్రెడిట్ కూడా ఇవ్వరు.

క్రెడిట్ అంటే ఏమిటి? జీతంలో ఉద్యోగి 6.2 శాతం, యజమాని మరో 6.2 శాతం చందా కడతారు. సంపాదనను బట్టి ఏడాదికి గరిష్ఠంగా నాలుగు క్రెడిట్లు వస్తాయి. రిటైర్మెంటు పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని కావాలి. ఇప్పుడు మన ఆడపిల్లల సంగతి చూడండి. భర్త హెచ్-1బి మీద వెళితే భార్య హెచ్-4 మీద వెళ్తుంది. 2015 మే దాకా హెచ్-4 మీద ఉన్న స్త్రీకి ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాతైనా, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే అనుమతి. ఎమ్మెస్సీలూ ఇంజనీరింగులూ చదివిన స్త్రీలు ఏళ్లకేళ్లు వంటింట్లో గడిపారు. కొందరు టిఫిన్లు చేసి అమ్మారు, ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకున్నారు. చేతికొచ్చిన ఆ డబ్బు ఏ రికార్డులోనూ లేదు. ఉద్యోగం దొరికినవాళ్లకైనా మరో చిక్కుంది. పింఛను లెక్కకు 35 సంవత్సరాల సంపాదన తీసుకుంటారు. పన్నెండేళ్లు చేసి తిరిగొచ్చిన స్త్రీ ఖాతాలో మిగతా 23 ఏళ్లూ సున్నాలే. పదేళ్లు నిండకుండా వచ్చేస్తే ఆమెకు రిటైర్మెంటు పింఛను లేదు, కట్టిన చందా తిరిగి రాదు.

మరి ఇంటిపట్టున ఉన్న భార్య మాటేమిటి? 1939 సవరణలు భార్యకూ, వితంతువుకూ వాటా కల్పించాయి. ఇవాళ్టి లెక్కలో, 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకు పూర్తి పింఛను వయసు 67. అప్పుడు భర్తకు నెలకు రెండు వేల డాలర్లు రావలసి ఉంటే, భార్య కూడా తన 67వ ఏట అడిగితే అందులో సగం, వెయ్యి డాలర్లు వస్తుంది. 62కే అడిగితే 32.5 శాతం, అంటే 650. భర్త పింఛనులోంచి కోసి ఇచ్చేది కాదిది, అదనంగా ఇచ్చేది. భర్త చనిపోతే వితంతువు 60 ఏళ్లకే తీసుకోవచ్చు, అప్పుడు 71.5 శాతం. పూర్తి వయసుదాకా ఆగితే నూరు శాతం. అయితే అరవై నిండకముందే మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆ పెళ్లి ఉన్నంతకాలం వితంతు పింఛను అందదు. ఇది మంచి ఏర్పాటే. కానీ దీని పునాది గమనించండి. ఆమె ముప్ఫై ఏళ్ల చాకిరీకి సొంత విలువ లేదు. మగవాడి రికార్డుకు తోకగా మాత్రమే విలువ.

ఆ తోకను తెంపేస్తే? విడాకులైన స్త్రీకి 1965లో హక్కు ఇచ్చినప్పుడు ఇరవై ఏళ్ల కాపురం ఉండాలన్నారు. 1977 సవరణ దాన్ని పదేళ్లకు తగ్గించింది. ఇక్కడ ప్రతి కార్యకర్తా గుర్తుపెట్టుకోవలసిన సంగతులు కొన్నున్నాయి. ఆ పదేళ్లను పెళ్లి రోజు నుంచి విడాకులు ఖరారైన రోజు దాకా లెక్కిస్తారు. విడిగా ఉన్న సంవత్సరాలూ అందులో కలుస్తాయి. కనుక తొమ్మిదిన్నరేళ్లకు సంతకం పెట్టమని ఎవరైనా తొందరపెడుతుంటే, ఆ ఆర్నెల్ల విలువ ఎంతో ఆమెకు తెలిసి తీరాలి. రెండోది, విడాకులై రెండేళ్లు దాటితే, మాజీ భర్త తన పింఛనుకు దరఖాస్తు పెట్టకపోయినా, అతనికి 62 నిండి అర్హత ఉంటే చాలు, ఆమె తన 62వ ఏట నుంచి అడగవచ్చు, అప్పటికి మళ్లీ పెళ్లి చేసుకుని ఉండకపోతే. అతని అనుమతి అక్కర్లేదు. అతనికొచ్చే పింఛను ఒక్క సెంటు తగ్గదు. మూడోది, 'సోషల్ సెక్యూరిటీలో వాటా అడగను' అని రాజీ పత్రంలో రాయించుకున్నా ఆ మాట చెల్లదు. విడ్డూరమేమిటంటే, విడాకులివ్వకుండా వదిలేసిన భార్య పరిస్థితి ఇంతకన్నా అధ్వానం. భర్త దరఖాస్తు పెట్టేదాకా ఆమె ఎదురుచూడాల్సిందే.

ఏకపక్షంగా అమెరికా కోర్టులో తెచ్చుకునే విడాకుల సంగతి మీకు కొత్త కాదు. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లిని మిస్సోరీ రాష్ట్రంలోని కోర్టు రద్దుచేస్తే, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఎంతో విలువైన తీర్పు అది. అయితే పింఛను ఆఫీసు ముఖ్యంగా చూసేది భర్త స్థిరనివాసమున్న అమెరికా రాష్ట్రపు చట్టాన్ని. అంచేత ఇక్కడ గెలిచాం కదా అని ఊరుకోకూడదు. అక్కడినుంచి నోటీసు వచ్చినప్పుడే అక్కడి లాయరు సలహా తీసుకోవాలి.

ఇక అసలు అడ్డంకికి వద్దాం. అమెరికా పౌరులకు ఏ ఊళ్లో ఉన్నా పింఛను వస్తుంది, కొద్ది దేశాలను మినహాయిస్తే. పౌరులు కానివాళ్లు ఆరు నెలలు వరసగా అమెరికా బయట ఉంటే, మినహాయింపు ఏదైనా వర్తిస్తే తప్ప చెల్లింపు ఆగిపోతుంది. భారత పౌరులకు ఒక మినహాయింపు ఉంది. పనిచేసిన వ్యక్తికి 40 క్రెడిట్లు ఉంటే ఇక్కడికి పంపుతారు. గ్రీన్ కార్డు ఉన్నా లేకపోయినా అంతే. అయితే భార్యగా, మాజీ భార్యగా, వితంతువుగా తీసుకునే స్త్రీకి మరో షరతు తగిలించారు. ఆ బంధం ఉన్న కాలంలో ఆమె కనీసం ఐదేళ్లు అమెరికాలో నివసించి ఉండాలి. వరసగా కాకపోయినా ఫరవాలేదు, మొత్తం ఐదేళ్లవ్వాలి. 1983 సవరణలతో వచ్చిన నిబంధన ఇది.

కాగితం మీద ఇందులో ఆడా మగా తేడా లేదు. ఆచరణలో ఎవరి నెత్తిన పడుతుంది? అత్తమామల్ని చూసుకోవడానికి ఊళ్లో ఉండిపోయిన కోడలి నెత్తిన. 'ఇంకో ఏడాదిలో తీసుకెళ్తా' అని నమ్మించి వదిలేసిన భార్య నెత్తిన. కాన్పుకని పుట్టింటికి పంపించి మళ్లీ పిలవని ఆమె నెత్తిన. భర్త అక్కడ నిశ్చింతగా ఉద్యోగం చేసుకోగలిగింది ఆమె ఇక్కడ ఇల్లు మోసింది కనుకనే. కానీ ఆమె ఆ నేల మీద ఐదేళ్లు నిలబడలేదు గనుక ఆమెకేమీ లేదు! నేను మాట్లాడిన ఒక పెద్దావిడ, పెళ్లై ముప్ఫై ఒక్క ఏళ్లయినా అమెరికాలో ఉన్నది పద్దెనిమిది నెలలు. 'ఆయన కష్టపడ్డాడు, నేను ఖాళీగా ఉన్నానటమ్మా?' అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు.

దీనికి భిన్నంగా, వెంటనే పనికొచ్చే ఒక సంగతి చెబుతాను. రోడ్డు ప్రమాదంలోనో గుండెపోటుతోనో అక్కడ చిన్న వయసులో చనిపోతున్న మన కుర్రాళ్ల వార్తలు పత్రికల్లో చూస్తున్నాం. శవాన్ని తెప్పించడానికి చందాలు వేసుకుంటారు, ఆ తర్వాత అందరూ మర్చిపోతారు. అతనికి 40 క్రెడిట్లు లేకపోయినా, చనిపోయే ముందు సుమారు మూడేళ్లలో ఏడాదిన్నర పనికి సరిపడా ఆరు క్రెడిట్లు ఉంటే, పిల్లలకు హక్కు పుడుతుంది. అక్కడ పుట్టి అమెరికా పౌరసత్వమున్న బిడ్డకు ఐదేళ్ల షరతు వర్తించదు. ఆ బిడ్డ తెనాలిలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నా, తండ్రికి లెక్కగట్టిన పింఛనులో 75 శాతం దాకా 18 ఏళ్లు వచ్చేవరకు వస్తుంది. డబ్బు బిడ్డ పేరున వచ్చినా పెద్దవాళ్లెవరో ఒకరు ప్రతినిధిగా తీసుకోవాలి. దాన్ని బిడ్డ అవసరాలకే ఖర్చుపెట్టి లెక్క చూపాలి. ఆ ప్రతినిధి ఎవరన్న దగ్గర అత్తింటివాళ్లతో పేచీ వస్తుంది. బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతోందని చూపే ఆధారాలు మొదట్నుంచీ ఉంచుకోమని తల్లికి మనం చెప్పాలి.

దరఖాస్తు ఎలా? ఇండియాలో ఉన్నవాళ్లు అమెరికా రాయబార కార్యాలయాల్లో ఉండే ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్ల ద్వారా చేసుకోవాలి. మన దేశం ఏ యూనిట్ కిందికి వస్తుందో సోషల్ సెక్యూరిటీ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటుంది. బ్రోకర్లు అక్కర్లేదు, రుసుము లేదు. వితంతు పింఛనుకు ఇంటర్నెట్‌లో ఫారం నింపే వీలు లేదు, వాళ్లతో మాట్లాడి పెట్టుకోవాలి. అన్ని కాగితాలూ సమకూరేదాకా ఆగొద్దు. 'దరఖాస్తు చేయదలిచాను' అని రాతపూర్వకంగా తెలియజేస్తే ఆ తేదీని గుర్తిస్తారు, తర్వాత ఆరు నెలల్లో అసలు దరఖాస్తు పూర్తిచేయాలి. వెనకటి బకాయి సాధారణంగా ఆరు నెలలకు మించి ఇవ్వరు కనుక ఆలస్యమైన ప్రతి నెలా నష్టమే. సోషల్ సెక్యూరిటీ నంబరు ఎన్నడూ లేని భార్య కూడా పింఛనుకు అర్హురాలైతే నంబరు తీసుకోవచ్చు.

కావలసిన కాగితాలన్నీ మగవాడి బీరువాలో ఉంటాయి. అతని సోషల్ సెక్యూరిటీ నంబరు, పెళ్లి ధ్రువపత్రం, విడాకుల డిక్రీ నకలు, మరణ ధ్రువపత్రం, ఐదేళ్ల నివాసానికి రుజువులు. పాత పాస్‌పోర్టుల మీది ముద్రలు, ఇంటి అద్దె ఒప్పందాలు, ఇద్దరి పేరా వేసిన పన్ను రిటర్నులు, పిల్లల స్కూలు రికార్డులు, కాన్పు అయిన ఆసుపత్రి బిల్లులు, అన్నీ పనికొస్తాయి. గడువు తీరిందని పాత పాస్‌పోర్టు పారేయొద్దని ప్రతి ఆడపిల్లకీ చెప్పండి. మనలో చాలామంది పెద్దవాళ్ల పెళ్లిళ్లు రిజిస్టరు కాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిర్బంధ వివాహ రిజిస్ట్రేషన్ చట్టం 2002లో గానీ రాలేదు. రిజిస్ట్రేషన్ లేదని వెనక్కి తగ్గనక్కర్లేదు, ఇతర ఆధారాలూ పరిశీలిస్తారు.

పింఛను మొదలయ్యాక రెండు జాగ్రత్తలు. బతికే ఉన్నారా, పెళ్లి చేసుకున్నారా అని ఏడాదికో రెండేళ్లకో ఒక ప్రశ్నావళి వస్తుంది. నింపి పంపకపోతే చెల్లింపు ఆపేస్తారు. ఇల్లు మారిన స్త్రీ చిరునామా మార్చకపోతే ఆ ఉత్తరం అత్తింటికే చేరుతుంది! రెండోది పన్ను. అమెరికా పౌరులు కాకుండా ఇక్కడ నివసించేవాళ్ల పింఛనులో సాధారణంగా 25.5 శాతం అక్కడే కోసుకుని పంపుతారు. ఇందాకటి 650 డాలర్లు చేతికొచ్చేసరికి 484 అవుతాయి.

ఈ చట్టాలు మారవా అంటే, మారతాయి. ఇక్కడ ప్రభుత్వ టీచరుగా పింఛను తీసుకుంటూ, అమెరికాలోనూ పనిచేసిన స్త్రీకి అక్కడి పింఛను తగ్గించే నిబంధన ఒకటి ఉండేది. అక్కడి టీచర్లూ ఇతర ప్రభుత్వోద్యోగులూ ఏళ్ల తరబడి పోరాడాక 2025 జనవరిలో దాన్ని రద్దుచేశారు. 2024 జనవరి నుంచి రావలసిన పింఛన్లకు ఆ రద్దు వర్తిస్తుంది. ఇక సామాజిక భద్రత మీద అమెరికా 30 దేశాలతో ఒప్పందాలు చేసుకుంది. అందులో మన దేశం లేదు. అలాంటి ఒప్పందమున్న దేశాల స్త్రీలకు ఐదేళ్ల నివాసపు షరతు లేదు. మన ప్రభుత్వం ఈ ఒప్పందం ప్రస్తావన తెచ్చినప్పుడల్లా కంపెనీలు కడుతున్న చందాల నష్టం గురించే మాట్లాడుతుంది. ఊళ్లో ఉండిపోయిన భార్య ఆ లెక్కలో లేదు. ఆమెను ఆ లెక్కలోకి తేవడం మహిళా సంఘాలుగా మన డిమాండు కావాలి.

అప్పటిదాకా మనం చేయగలిగింది చిన్నదేమీ కాదు. మీ దగ్గరికి అమెరికా సంబంధం కేసు వస్తే, హింస గురించీ భరణం గురించీ అడిగే ప్రశ్నలతో పాటు మరో నాలుగు అడగండి. పెళ్లైన తేదీ ఏది? అక్కడ మొత్తం ఎన్నాళ్లున్నావు? పిల్లల పౌరసత్వం ఏమిటి? పాత పాస్‌పోర్టు ఎక్కడుంది? ఆ నాలుగు జవాబులూ ఆమె ఫైలులో రాసి పెట్టండి. ముప్ఫైల్లో ఉన్న ఆమెకు ఇవాళ వాటితో పనిలేనట్టు కనిపిస్తుంది. అరవై దాటాక ఆమెకు ఒకరి ముందు చేయి చాపకుండా బతికే వీలు కల్పించేవి ఆ కాగితాలే కావచ్చు.