రిపేరు అయ్యాక ఇల్లు వెచ్చబడితే చాలదు



ఇండియానా, ఒహాయో, మిచిగన్ వైపు, గ్యాస్ లైను లేనిచోట ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో కొందరికి జియోథర్మల్ హీట్ పంపు ఉంటుంది. మన ఊళ్ళో బోరు వేసినట్టే పెరట్లో బోర్లు వేసి, లేదా కందకాలు తవ్వి, ప్లాస్టిక్ గొట్టాలు దింపుతారు. నీళ్ళు తోడడానికి కాదు. గడ్డకట్టకుండా మందు కలిపిన నీటిని వాటిలో తిప్పి, భూమిలోని వేడిని ఇంట్లోకి తెస్తారు.

ఇది పాడైతే మెకానిక్ వచ్చి పార్టు మారుస్తాడు, వేడిగాలి రాగానే వెళ్ళిపోతాడు. మనం "హమ్మయ్య" అనుకుంటాం. కానీ వేడిగాలి వచ్చినంత మాత్రాన రిపేరు అయినట్టు కాదండీ. ఈ మిషన్లలో చాలావాటికి ఆక్సిలరీ హీట్ అని కరెంటు కాయిల్స్ ఉంటాయి. హీట్ పంపు పని చెయ్యకపోయినా అవే ఇంటిని వేడి చేస్తాయి. 10 కిలోవాట్ల కాయిల్ రోజుకి 8 గంటలు నడిస్తే నెలకి 2,400 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు అనుకున్నా 360 డాలర్లు! బాగున్న హీట్ పంపు అదే వేడిని సుమారు మూడో వంతు కరెంటుతో ఇస్తుంది.

అందుకని మెకానిక్ ఇంట్లో ఉండగానే మూడు సంగతులు చూసుకోండి.

మొదటిది థర్మోస్టాట్. పార్టు వచ్చేదాకా "ఎమర్జెన్సీ హీట్" మీద పెట్టి, తర్వాత మార్చడం మరిచిపోవడం మామూలే. మామూలు హీట్ మీదకి మార్చి, ఒకటి రెండు డిగ్రీలే పెంచండి. ఒకేసారి ఎక్కువ పెంచితే కాయిల్స్ కూడా అందుకుంటాయి, అసలు సంగతి తెలియదు.

రెండోది కొలత. పావుగంట నడవనిచ్చి, భూమిలోంచి వచ్చే గొట్టానికీ, తిరిగి భూమిలోకి వెళ్ళే గొట్టానికీ వేడి తేడా చూడండి. హీటింగ్‌లో మామూలుగా 4 నుంచి 8 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉంటుంది. ఇంకా ఎక్కువుంటే నీళ్ళు సరిగా తిరగడం లేదన్నమాట: గొట్టాల్లో గాలి చేరి ఉండొచ్చు, నీటి పంపు బలహీనపడి ఉండొచ్చు. తేడా దాదాపు లేకపోతే కంప్రెసర్ నడవడం లేదని అనుమానించాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడితే గొట్టం మీద నల్ల టేపు అంటించి దాని మీద కొలవండి. మెరిసే రాగి మీద అది తప్పు చూపిస్తుంది. మిషన్లోకి వెళ్ళే గాలికీ, బయటికొచ్చే గాలికీ తేడా 20 నుంచి 30 డిగ్రీలు ఉండాలి.

మూడోది, కంట్రోల్ బోర్డు మార్చినప్పుడు ముఖ్యం. చాలా బోర్డుల మీద జంపర్ అని చిన్న తీగ ఉంటుంది. నీళ్ళు గడ్డకట్టే ప్రమాదం వస్తే ఏ డిగ్రీ దగ్గర మిషన్ ఆపాలో అది చెబుతుంది. కొత్త బోర్డు తరచుగా మామూలు నీళ్ళ సెట్టింగ్‌తో, అంటే సుమారు 30 డిగ్రీలతో వస్తుంది. మందు కలిపిన నీళ్ళకి దాన్ని మార్చాలి. మార్చకపోతే ఆ రోజు బాగానే నడుస్తుంది, గట్టి చలి పడ్డాక ఆగిపోతుంది. మా స్నేహితుల ఇంట్లో జరిగిందిదే. బ్రేకర్ ఆపి వేస్తే మళ్ళీ నడిచేది, తెల్లారేసరికి లాకౌట్. ఊరికే రీసెట్ చేస్తూ పోకుండా, ముందు బోర్డు మీద లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో రాసిపెట్టుకోండి. జబ్బేమిటో అదే చెబుతుంది.

ఎవరైనా "గ్యాస్ తగ్గింది, నింపుతాను" అంటే, ఎక్కడ కారిందో చూపించమని అడగండి. మూసి ఉన్న మిషన్లో గ్యాస్ ఖర్చయిపోదు కదా! ఆ పని మీరు మాత్రం ముట్టుకోవద్దు. అమెరికాలో దానికి ఈపీఏ సర్టిఫికెట్ ఉండాలి.

ఈ అంకెలన్నీ తేదీ వేసి మిషన్ పక్కన అంటించండి. మీరు ఆఫీసులో ఉండగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఒక్కరే ఇంట్లో ఉన్నప్పుడు మిషన్ ఆగిపోతే, ఫోనులో మెకానిక్‌కి చెప్పడానికి ఆ కాగితమే ఆధారం.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.