కంది సాలు, కౌలు కాగితం
(పెన్షనర్ల దినోత్సవ సభలో వ్యవసాయ శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడడానికి నాకంటే సమర్థులు నలుగురు ఈ వేదిక మీదే ఉన్నారు. నన్ను మాత్రం వ్యవసాయం గురించి ఓ పావుగంట చెప్పమన్నారు. అనంతపురం జిల్లా మెట్ట చేలల్లో తిరిగి తిరిగి రిటైరైనవాణ్ణి కాబట్టి, నాకు బాగా తెలిసిన ఒక్క విషయమే ఎంచుకున్నాను. అది వేరుశనగలో కంది సాలు. ప్రధాన పంటకి తోడుగా మరో పంట వేయడం.

మనకెందుకయ్యా ఈ సంగతి అనుకోవద్దు. ఈ హాల్లో చాలామందికి ఊళ్ళో ఎంతో కొంత మెట్ట భూమి ఉంది. మనం సేద్యం చేయడం లేదు, కౌలుకిచ్చాం. ఆ భూమిలో తోడు పంట ఉండాలా వద్దా అన్నది సగం మన కౌలు షరతుల మీదే ఆధారపడి ఉంది. అక్కడికి చివర్లో వస్తాను.

మన పెద్దలు చేనంతా ఒకే పైరు వేసేవారు కారు. జొన్నలో కంది, సజ్జలో అలసంద, కొర్రలో కంది, చేని చుట్టూ ఆముదం, మధ్యలో అక్కడక్కడా అనప. గొర్రు వెనక వేరే గొట్టం ఒకటి తాడుతో కట్టి, దాంట్లో ఆడమనిషి కంది గింజలు వదులుతూ నడిచేది. సంక్రాంతి నెలలో పితికిపప్పుకి అనపకాయలు, ఏడాదికి సరిపడా కందిబ్యాళ్ళు అంగడికి పోకుండా ఇంట్లోకే వచ్చేవి. ఇదంతా వాళ్ళకి అలవాటు. అలవాటు వెనక లెక్క ఉందని తర్వాత శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఆ లెక్క చెబుతాను. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ సంస్థ ఏర్పడింది. జొన్న, కంది కలిపి వేసిన 94 ప్రయోగాల ఫలితాలు తీసుకుని ఎం.ఆర్. రావు, విల్లీ అనే శాస్త్రజ్ఞులు 1980లో ఒక పత్రం ప్రకటించారు. వాళ్ళు అడిగిన ప్రశ్న దిగుబడి ఎంత అని కాదు. రైతు పూర్తిగా దెబ్బతినే సంవత్సరం ఎన్నేళ్ళకోసారి వస్తుంది అని. ఆదాయం ఒక స్థాయి కంటే దిగజారితే దాన్ని నష్టపోయిన సంవత్సరంగా లెక్కపెట్టారు. కంది ఒక్కటే వేస్తే 5 ఏళ్ళకోసారి, జొన్న ఒక్కటే వేస్తే 8 ఏళ్ళకోసారి. రెండూ కలిపి వేస్తే 36 ఏళ్ళకోసారి!

మన ఫుల్ పెన్షన్‌కి 33 ఏళ్ళ సర్వీసు అడిగేవారు కదా. అంటే ఒక ఉద్యోగి సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా రాకపోవచ్చు అటువంటి ఏడాది. పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పింది కాబట్టే ఈ రోజు మనం పండుగ చేసుకుంటున్నాం. మెట్ట రైతుకి అటువంటి తీర్పు ఎవరూ ఇవ్వలేదు. ఆయన పెన్షన్ ఆయనే చేలో విత్తుకోవాలి.

ఇప్పుడు మన వేరుశనగ దగ్గరికి వద్దాం. మనం బుడ్డలంటాం. మన ప్రాంతంలో సాలుకి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు కురుస్తుందో తెలియదు. ఏడు సాళ్ళు వేరుశనగ వేసి ఒక సాలు కంది, లేదా పదకొండు సాళ్ళకి ఒక సాలు కంది వేయమని సిఫారసు. ఇందులో కిటుకు ఏమిటంటే రెండింటి ఆకలీ ఒకే వేళకి వేయదు. విత్తిన మొదటి రెండు నెలలు కంది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పక్క సాలుకి పెద్దగా అడ్డం రాదు. వేరుశనగ మూడున్నర, నాలుగు నెలల్లో పీకేస్తాం. అప్పుడు కందికి అటూ ఇటూ చోటు దొరుకుతుంది, కొమ్మలు వేస్తుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వాన ఒక్కటి పడితే చాలు, పూత పట్టుకుంటుంది. వేరుశనగ ఊడలు దిగే వేళ వాన తప్పిపోయిన ఏడాది కూడా కంది సాలు ఎంతో కొంత చేతికిస్తుంది. వేరు లోతుగా పోతుంది గనక అడుగు పదును అందుకుంటుంది.

ఇంకొక విశేషం. మన ఎర్రనేలల్లో భాస్వరం ఇనుముతో ముడిపడి ఉంటుంది, చాలా పైర్లకి అందదు. కంది వేరు నుంచి పిసిడిక్ ఆమ్లం అనే పదార్థం ఊరి, ఇనుముని పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుందని ఇక్రిశాట్‌లో పని చేసిన జపాన్ శాస్త్రజ్ఞులు 1990లో కనిపెట్టారు. రాలిన కంది ఆకు కూడా నేలకే పోతుంది. జొన్నతో కలిపి వేసిన చోట కందికి ఎండు తెగులు తగ్గడం కూడా అక్కడి ప్రయోగాల్లోనే గమనించారు.

ఇంత మంచిది ఎందుకు పోయింది మరి? నూనెగింజలకి ధర, రాయితీ విత్తనం, పంట రుణం అన్నీ వేరుశనగ చుట్టూ తిరిగాయి. ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు ఒకే పైరైన రోజులున్నాయి. చూడ్డానికి పచ్చగా బాగానే ఉండేది. 2000వ సంవత్సరంలో కాండం కుళ్ళు వైరస్ వచ్చింది. తామర పురుగులు, వయ్యారిభామ పుప్పొడి కలిసి దాన్ని చేనంతా మోశాయి. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలకు పైగా అని అంచనా వేశారు. ఒకే పైరు కిలోమీటర్ల తరబడి ఉంటే పురుగుకి అడ్డేముంది? ఆ తర్వాతే చేని చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ నాలుగైదు వరుసలు దట్టంగా విత్తమని గట్టిగా చెప్పడం మొదలైంది. గాలితో వచ్చే తామర పురుగుకి అది గోడ. పెద్దలు చేని అంచున జొన్న వేస్తే పశువుల మేతకని అనుకునేవాళ్ళం, అది రెండు పనులూ చేసేది.

ఎర పంటల గురించి ఒక మాట. పొగాకు లద్దెపురుగుకి ఆముదం ఆకంటే ఇష్టం, గుడ్లు అక్కడే పెడుతుంది. శనగపచ్చ పురుగు బంతి పూలకి వస్తుంది. అందుకే పత్తిలో, వేరుశనగలో ఆముదం, బంతి వేయమంటారు. అయితే వేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. రెండు రోజులకోసారి పోయి గుడ్లున్న ఆకు తుంచి నాశనం చేయాలి. చేయకపోతే పురుగుని మనమే పెంచి చేలోకి వదిలినట్టు. పెరట్లో వంగ, టమాటా వేసే సోదరీమణులు కూడా బంతి వేసుకోవచ్చు, నేలలో వేరుపురుగుల బెడద తగ్గుతుంది. కానీ ఏ మొక్కకి ఏ మొక్క స్నేహం, ఏది శత్రువు అంటూ పెద్ద పట్టికలు అచ్చేస్తుంటారు, వాటిలో చాలా భాగానికి ఆధారం లేదు. నమ్మి అన్నీ వేయక్కర్లేదు.

ఇతర ప్రాంతాల వాళ్ళు దీన్ని పూర్తిగా వదిలిపెట్టలేదు. నిజామాబాదు పసుపులో మొక్కజొన్న, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో కోకో. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు ఒకే చేలో పది పన్నెండు రకాలు పండిస్తూ వచ్చారు, 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. చదువులేని ఆడవాళ్ళ విత్తనాల బుట్టకి వచ్చిన బహుమతి అది.

కష్టాలు లేవని నేననను. యంత్రంతో కోసే చోట రెండు పైర్లు కుదరవు. కొన్ని కలుపు మందులు గడ్డి జాతి పైరుని వదిలి పప్పుజాతి పైరుని చంపేస్తాయి, జొన్నలో కంది వేసినవారు అవి కొట్టకూడదు. కూలీలు రెండుసార్లు కావాలి. వీటికి దారులున్నాయి. ట్రాక్టరు గొర్రుకి ఎనిమిది గొట్టాలుంటే, విత్తనం పెట్టెలో ఒక గది వేరుచేసి ఎనిమిదో గొట్టానికి కందులు పోసుకోవచ్చు.

దారి లేనిది ఒక్కటే. అది కౌలు. వేరుశనగ అక్టోబరు, నవంబరులో అయిపోతుంది. కంది డిసెంబరు దాటి జనవరి దాకా చేలో నిలబడాలి. మనం ఏం చేస్తున్నాం? బుడ్డలు పీకగానే కౌలు డబ్బు లెక్క చూసుకుని, చేను ఖాళీ చేయమంటున్నాం. లేదా ఆ చేలోకి పశువుల్ని, గొర్రెల మందల్ని వదలడానికి ఒప్పుకుంటున్నాం. కంది సాలు మందకి మేత అవుతుంది. రెండేళ్ళు అలా అయ్యాక కౌలుదారు కంది వేయడం మానేస్తాడు. ఆయనకి పప్పు లేదు, మన నేలకి ఆకు లేదు. వేరుశనగ పోయిన ఏడాది ఆయన కౌలు కట్టలేడు, మనం ఆయన్ని తప్పు పడతాం.

భూమి పోతుందేమోనన్న భయం చాలామందికి ఉంది, అర్థం చేసుకోగలను. మన రాష్ట్రంలో 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టంలో 11 నెలల ఒప్పందం అని పెట్టారు, యజమాని హక్కుకి భంగం లేకుండా. పదకొండు నెలలంటే జూన్ నుంచి ఏప్రిల్ దాకా. కందికి కావలసింది అంతకంటే తక్కువే. కాగితంలో రెండు మాటలు రాయించండి. కంది కోత అయ్యేదాకా చేను కౌలుదారు స్వాధీనంలోనే ఉంటుందని ఒకటి, అప్పటిదాకా మందలు వదలమని ఇంకొకటి. బదులుగా ఏడింటికో, పదకొండింటికో ఒక కంది సాలు వేయమని అడగండి. కందిలో వాటా అడగకండి. అడిగితే వేయడు.

ఇప్పుడు డిసెంబరు. ఊరికి పోయినవారు చేను చూసి రండి, కంది నిలబడి ఉందో లేదో తెలుస్తుంది. ఆ రెండు షరతులతో ఒక నమూనా కాగితం రాసి తెచ్చాను, కార్యదర్శిగారి దగ్గర ఉంది, కావలసినవారు తీసుకోండి. భోజనాలకి వేళయింది కాబట్టి సెలవు తీసుకుంటున్నాను.