సిలిండరు వేడెక్కితే ముందు ఏం చూడాలి?
(ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

విమాన నిర్వహణ చదువుకు వెళ్తున్న పిల్లలు, వారిని పంపుతున్న తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నారు. అందుకని ఆ పనిలోంచే ఒక ఉదాహరణ చెబుతాను.

శిక్షణకు వాడే సెస్నా 172 విమానాలు చాలావాటిలో నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజిన్ ఉంటుంది. దానికి రేడియేటరు లేదు, గాలితోనే చల్లబడుతుంది. సిలిండర్ హెడ్ వేడికి గరిష్ఠ హద్దు 500 డిగ్రీల ఫారెన్‌హీట్. ఇంజిన్ ఎక్కువ కాలం మన్నాలంటే 435 దాటనివ్వవద్దని తయారీదారుల సలహా.

మీటరు ఎక్కువ చూపగానే సిలిండరు విప్పకూడదు. ప్రతి సిలిండరుకూ ప్రోబు ఉంటే, వేడి ఒక్కదానిలోనా, అన్నింటిలోనా అని ముందు చూడాలి. ఒక్కదానిలోనే అయితే దాని ప్రోబును పక్కదానితో మార్చి చూడండి. ఎక్కువ రీడింగు ప్రోబు వెంటే వెళితే తప్పు ప్రోబుది. అక్కడే ఉంటే ఆ సిలిండరుకు ఇంధనం తగ్గిందా, ఇన్‌టేక్ గొట్టం దగ్గర గాలి లీకవుతోందా, గాలిని మళ్లించే బాఫిల్ రేకు వదులైందా చూడాలి. అన్నీ వేడెక్కితే మాగ్నెటో టైమింగు, బాఫిల్ రబ్బరు సీళ్లు, ఇంధన మిశ్రమం పరీక్షించాలి.

తల్లిదండ్రులారా, మార్కుల విషయమూ ఇంతే. ఒక్క సబ్జెక్టులో తగ్గితే కారణం వేరు, అన్నింటిలో తగ్గితే వేరు. కోప్పడే ముందు కనుక్కోండి.

విద్యార్థులారా, రేపు లాగ్‌బుక్కులో సంతకం పెట్టేది మీరు. ఆ సంతకాన్ని నమ్మి మీ వయసు కుర్రవాడో అమ్మాయో ఒంటరిగా పైకి ఎగురుతారు. కారణం దొరక్కుండా సంతకం పెట్టకండి. సెలవు.